మీ పాప అడిగిన పగటి చందమామ దగ్గరే మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. రోజూ అదే గది, అదే కిటికీ, అదే దారి. మీ పాప "నాన్నా, పగలు చందమామ ఎందుకు కనిపిస్తోంది" అని అడిగేసరికి, అసలు ఆకాశం వైపు తలెత్తి ఎన్నాళ్ళయిందో మీకే గుర్తు రాలేదు. ఆ తర్వాత వారం రోజులు ఒక చెట్టు ఎదురుగా రోజుకి పావుగంట కూర్చున్నారు, ఏమీ అనిపించలేదు, పైగా విసుగొచ్చింది. మన చుట్టూ ఉండే మామూలు వాటిలో వింతని చూడగలగడం పుట్టుకతో రావాలా, నేర్చుకుంటే వస్తుందా అని అడిగారు.

నేర్చుకుంటే వస్తుందండి. నేను ఇరవై రెండేళ్ళు బడిలో సైన్స్ చెప్పాను. అందులో చివరి పదేళ్ళు పిల్లల్ని, తర్వాత పెద్దవాళ్ళని కూడా అరగంట నడకలకి తీసుకెళ్ళేదాన్ని, వేరే పనేమీ లేకుండా, ఉన్నవి చూసి రావడానికే. వాళ్ళలో చాలామంది "నాకు ఆ కన్ను లేదండి" అంటూనే వచ్చారు. నాలుగైదు నడకల తర్వాత ఆ మాట మళ్ళీ అన్నవాళ్ళు నాకు తగల్లేదు. కానీ మీరు చెట్టు ముందు కూర్చున్న పద్ధతిలో మాత్రం రాదు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందుగా, మీలో ఏదో మొద్దుబారిపోయిందన్న బాధ వదిలేయండి. మెదడు చేసే పనే అది. కావాలంటే ఇప్పుడే చూడండి: ఎదురు గోడ మీద ఏదో ఒక చిన్న చుక్క మీద చూపు నిలిపి, కళ్ళు కదపకుండా ఇరవై ముప్పై సెకన్లు అలాగే ఉండండి. ఆ చుక్కకి దూరంగా, పక్కగా ఉన్న లేత మరకలు మెల్లగా చెరిగిపోతాయి. కన్ను కాస్త కదిపితే తిరిగొస్తాయి. స్విట్జర్లాండ్ వైద్యుడు ట్రాక్స్‌లర్ దీన్ని 1804లోనే రాసి పెట్టాడు. మారకుండా ఉన్నదాన్ని మెదడు లెక్కలోంచి తీసేస్తుంది. ఇంకో సంగతి చెప్తే నమ్మబుద్ధి కాదు: మీ కంట్లో వెలుగుని పట్టుకునే కణాలకి ముందు సన్నటి రక్తనాళాల వల ఒకటి ఉంది, పుట్టినప్పటి నుంచీ అది మీ చూపుకి అడ్డంగానే ఉంది. అది కంటితో పాటే కదులుతుంది కాబట్టి దాని నీడ ఎప్పుడూ అక్కడే పడుతుంది, అందుకే కనపడదు. మీ గదీ, మీ దారీ మీకు ఇప్పుడు అలా అయ్యాయి. ఎదురుగానే ఉన్నాయి, మెదడు తీసేసింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వీడియో చూపించి, అందులో ఆడేవాళ్ళు బంతిని ఎన్నిసార్లు ఒకరికొకరు ఇచ్చుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడుచుకుంటూ వచ్చి, నిలబడి, గుండెలు బాదుకుని వెళ్ళింది. చూసినవాళ్ళలో దాదాపు సగం మందికి ఆ గొరిల్లా కనపడలేదు. ఈ సంగతి ఎవరు చెప్పినా "మనం ఎంత గుడ్డివాళ్ళమో చూడండి" అని ముగిస్తారు. నేను అందులోంచి తీసుకున్నది వేరు. లెక్కపెట్టమన్న బంతి మాత్రం అందరికీ కనపడింది కదా! చూపు మనం దేన్ని వెతకమంటే దాన్నే వెతుకుతుంది. మీరు ఆ చెట్టు ముందు కూర్చున్నప్పుడు మీ చూపుకి ఏ పనీ ఇవ్వలేదు. "ఆశ్చర్యపోవాలి" అని మాత్రం కూర్చున్నారు. నిద్రపోవాలి, నిద్రపోవాలి అనుకుంటూ పడుకుంటే నిద్ర రానట్టే, అలా కూర్చుంటే ఆశ్చర్యమూ రాదు.

నాకు ఈ సంగతి ఎలా తెలిసిందో చెప్తాను. అప్పటికి పదకొండేళ్ళుగా సూదిబెజ్జం కెమెరా పాఠం చెప్తున్నాను, అట్టపెట్టె, చిన్న రంధ్రం, తలకిందులైన బొమ్మ, అన్నీ చేసి చూపించేదాన్ని. ఒకరోజు ఎండగా ఉందని క్లాసుని చెట్టు కిందకి తీసుకెళ్ళాను. ఏడో తరగతి పిల్ల ఒకతి నేల వైపు చూస్తూ, "టీచర్, ఆకుల మధ్య సందులు ఒక్కోటి ఒక్కో ఆకారంలో ఉన్నాయి కదా, మరి కింద వెలుగు మచ్చలన్నీ గుండ్రంగానే ఎందుకున్నాయి" అంది. నేను చూశాను. నిజంగానే గుండ్రం. కోలగా, మొనదేలి, చిరుగుల్లా ఉన్న సందుల్లోంచి దిగుతున్న వెలుగు నేల మీదకి వచ్చేసరికి గుండ్రటి బిళ్ళలైపోతోంది. నాకు ఒళ్ళు జలదరించింది. అవి సందుల ఆకారాలు కావు, సూర్యుడి బొమ్మలు! ప్రతి సందూ ఒక సూదిబెజ్జం. ఆ చెట్టు కింద వందల సూర్యుళ్ళు పడుతుంటే, నేను ఏళ్ళ తరబడి అట్టపెట్టెతోనే సూదిబెజ్జం కెమెరా పాఠం చెప్పాను.

ఆ మధ్యాహ్నమంతా మేము ఇంకేమీ చదవలేదు. స్కేలు తెచ్చాం. సందు ఎంత ఎత్తులో ఉందో దానిలో సుమారు 108వ వంతు ఉంటుంది మచ్చ అడ్డకొలత, అంటే పది అడుగుల పైనుంచి వచ్చే వెలుగు ఒక అంగుళం కన్నా కాస్త పెద్ద బిళ్ళ వేస్తుంది. (సూర్యుడు వాలి ఉంటే బిళ్ళ కోలగా సాగుతుంది, అప్పుడు తెల్ల కాగితాన్ని వెలుగుకి ఎదురుగా వంచి పట్టుకుని, సందు నుంచి కాగితం దాకా ఉన్న దూరం కొలవాలి.) ఇక్కడే అసలు మజా. సూర్యుడు మనకి సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. దాన్ని 108తో భాగించండి, దాదాపు 14 లక్షల కిలోమీటర్లు వస్తుంది. సూర్యుడి వ్యాసం అదే. ఒక పిల్ల చెక్క స్కేలుతో, నేల మీద పడ్డ వెలుగు బిళ్ళని కొలిచి సూర్యుడి వ్యాసం కట్టింది! ఆ తర్వాత పాక్షిక సూర్యగ్రహణం వచ్చినప్పుడు అదే చెట్టు కిందకి వెళ్ళాం, బిళ్ళలన్నీ నెలవంకలైపోయాయి, నేలంతా నెలవంకలే. మీరు కూడా నేలనే చూడండి, సూర్యుడి వైపు నేరుగా చూడొద్దు, గ్రహణమైనా సరే, మామూలు రోజైనా సరే.

ఆ పిల్ల ఏం చేసిందో గమనించండి. ఆహా అనలేదు, ఆనందించాలని కూర్చోలేదు. ఇది ఇలా ఉంటే అది అలా ఎందుకుంది అని రెండింటిని పోల్చింది. అంతే. నేను ఆ రోజు నుంచి పట్టుకున్నది ఇదొక్కటే: ఒక చిన్న ప్రశ్న పట్టుకుని వెళ్ళాలి, అది అక్కడికక్కడ కంటితోనో చేత్తోనో తేల్చగలిగేంత చిన్నదై ఉండాలి. "ప్రకృతి ఎంత గొప్పది" అనేది ప్రశ్న కాదు, దానితో చెట్టు ముందు కూర్చుంటే మీకు జరిగిందే జరుగుతుంది. "ఈ స్తంభం నీడ మొదట్లో అంచు గీత గీసినట్టుంది, చివరికి వెళ్ళేసరికి మసకబారింది, ఎందుకు" అనేది ప్రశ్న. (దీని జవాబు కూడా ఆ వెలుగు బిళ్ళల జవాబే, సూర్యుడు చుక్క కాదు, పళ్ళెంలా వెడల్పున్నవాడు. కాసేపు మీరే ఆలోచించండి.) ఎన్ని ఉన్నాయి, ఎటు తిరిగి ఉంది, నిన్నటికి ఇవాళ్టికి ఏం మారింది, అంచు దగ్గర ఏమవుతోంది, ఈ నాలుగూ నన్ను ఎప్పుడూ ఖాళీ చేత్తో పంపలేదు. అందులో అంచులు మరీ ముఖ్యం. మురికినీటి చుక్క ఆరిపోతే మరక మధ్యలో లేతగా, అంచున ముదురు గీతగా మిగులుతుంది, అంచున నీరు త్వరగా ఆరిపోతుంటే ఆ లోటు తీర్చడానికి మధ్యలోంచి నీరు మట్టిని మోసుకుంటూ అంచుకి పరిగెడుతుంది కాబట్టి. ఆరిన చుక్కలో ఆ పరుగు గుర్తు ఉండిపోతుంది.

ఇల్లు దాటి వెళ్ళే తీరిక లేదన్నారు. మీకు ఆగ్నెస్ పోకెల్స్ గురించి చెప్పాలి. 1862లో పుట్టింది, జర్మనీలో పెరిగింది, అప్పట్లో అక్కడ ఆడపిల్లలకి విశ్వవిద్యాలయాల తలుపులు తెరవలేదు. జబ్బుతో ఉన్న తల్లిదండ్రుల్ని చూసుకుంటూ ఇంట్లోనే ఉండిపోయింది, గిన్నెలు తోమేది. జిడ్డు, సబ్బు తగిలినప్పుడు నీటి పైపొర ప్రవర్తన మారుతోందని ఆ గిన్నెల నీళ్ళలోనే ఆమె కంట పడింది. రోజూ గిన్నెలు కడిగేవాళ్ళు లోకంలో ఎందరున్నారో ఆలోచించండి, అందరి ముందూ ఉన్నదే అది. ఆమె ఒక రేకు తొట్టిలో అంచుల దాకా నీళ్ళు పోసి, పైన ఒక రేకు పట్టీని జరుపుతూ నీటి పైపొర మీద ఉన్న జిడ్డుని దగ్గరికి నెట్టి, త్రాసుకి చిన్న గుండీ కట్టి నీళ్ళకి తాకించి, దాన్ని పైకి లాగడానికి ఎంత బలం కావాలో కొలిచింది. భౌతికశాస్త్రం చదువుతున్న తమ్ముడు పుస్తకాలు తెచ్చిచ్చేవాడు. దాదాపు పదేళ్ళు అలా కొలుస్తూనే ఉంది, ఎవరికీ తెలియకుండా. 1891లో ఇంగ్లండ్‌లోని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని ఇంగ్లీషులోకి మార్పించి, ఆమె పేరుతోనే 'నేచర్' పత్రికలో అచ్చు వేయించాడు. ఆ తొట్టి పద్ధతినే మెరుగుపరిచి ముందుకి తీసుకెళ్ళిన అమెరికా శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్‌కి 1932లో నోబెల్ వచ్చింది. డిగ్రీ లేని ఆమెకి డెబ్భై ఏళ్ళ వయసులో గౌరవ డాక్టరేట్ ఇచ్చారు. ఆమె కథ చదివినప్పటి నుంచి నేను సింకు దగ్గర తొందరపడటం మానేశాను. కుళాయి ధార సింకు అడుగున పడే చోట చూడండి, చుట్టూ నున్నటి పల్చటి వలయం, దాని అంచున నీళ్ళు ఒక్కసారి గట్టులా లేస్తాయి. ధార పెంచండి, తగ్గించండి, వలయం ఏమవుతుందో చూడండి. వేలి కొసని ముందు వలయం లోపల, తర్వాత బయట పెట్టి తేడా చూడండి. రెండు నిమిషాల పని.

ఇక రెండో ముఖ్యమైన మాట, కొత్త చోట్లు వెతుక్కోకండి. చాలామంది "ఎక్కడికైనా కొండలకో సముద్రానికో వెళ్తే కళ్ళు తెరుచుకుంటాయి" అనుకుంటారు. అక్కడ తెరుచుకుంటాయి, తిరిగొచ్చాక మళ్ళీ మూసుకుంటాయి. కొత్తదాన్ని చూడటానికి నేర్పు అక్కర్లేదు, అది మెదడు దానంతటదే చేస్తుంది. మార్పు పట్టుకోవాలంటే నిన్న ఎలా ఉందో తెలిసి ఉండాలి, అది ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్తేనే తెలుస్తుంది. మీ కిటికీ చాలు. చందమామ రోజూ సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తుందని చదివితే అది ఒక అంకె. ఒకే కిటికీలోంచి వరసగా నాలుగు రోజులు ఒకే వేళకి చూసి, రోజూ అది చాపిన చేతి పిడికిలి వెడల్పు కన్నా కాస్త ఎక్కువ వెనకబడి ఉండటం చూస్తే, అది తిరుగుతోందని ఒంటికి తెలుస్తుంది. అలాగే ఆకాశం తేటగా ఉన్న సాయంత్రం సూర్యుడు దిగిపోయిన వెంటనే అందరూ పడమర చూస్తున్నప్పుడు మీరు తూర్పుకి తిరగండి. కింద నీలం కలిసిన బూడిద రంగు పట్టీ, దాని పైన గులాబీ పట్టీ, రెండూ మెల్లగా పైకి లేస్తుంటాయి. కిందిది భూమి నీడ, మనమున్న ఈ భూమి గాలి మీద వేసుకుంటున్న తన సొంత నీడ. పెద్దవాళ్ళని తీసుకెళ్ళినప్పుడు అది చూపించి ఈ మాట చెప్తే ఎవరూ కాసేపు మాట్లాడేవారు కాదు. ఇన్నేళ్ళూ రోజూ వాళ్ళ వెనకాలే జరిగింది అది.

ఫోన్ గురించి అడిగారు. ఫోన్ పారేయక్కర్లేదు, కానీ ముందు ఫొటో తీయకండి. 2014లో లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు అచ్చేసిన అధ్యయనంలో, మ్యూజియంలో వస్తువుల్ని ఫొటో తీసినవాళ్ళకి ఊరికే చూసినవాళ్ళ కన్నా తక్కువ గుర్తుంది. అయితే వస్తువులో ఏదో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినవాళ్ళకి ఆ నష్టం కలగలేదు. కాబట్టి తీస్తే ఆకు మొత్తం కాదు, ఆకు కొసన ఉన్న బొట్టు తీయండి. (తెల్లవారుజామున గడ్డి కొసల్లో ఒక్కో బొట్టు వరసగా నిలిచి ఉంటే అది మంచు కాకపోవచ్చు, వేళ్ళు రాత్రంతా తోడిన నీరు ఎక్కువై మొక్కే కొసల్లోంచి బయటికి నెట్టి ఉండొచ్చు. మంచు ఆకంతా పట్టి ఉంటుంది, ఇది కొసలకే ఉంటుంది.) ఫొటో కన్నా బొమ్మ వేయడం మేలు. బాగా రావాలని లేదు, పక్కవాళ్ళకి చూపించక్కర్లేదు. ఆకు అంచు గీయబోతే పళ్ళు ఎటు వంగి ఉన్నాయో చూడక తప్పదు, ఆ చూడటం కోసమే బొమ్మ.

ఇంకొక భయం మీ మాటల్లో కనిపించింది, అన్నిటికీ కారణాలు తెలిసిపోతే ఇక వింత ఏం మిగులుతుంది అని. నా అనుభవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. నిద్రగన్నేరు చెట్టు ఉంది కదా, సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకుంటాయి, మన పూర్వులు గమనించి పేరులోనే పెట్టేశారు. చీకటి పడింది కాబట్టి ముడుచుకుంటున్నాయని ఎవరైనా అనుకుంటారు. 1729లో డి మెరాన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ఇలాగే ఆకులు ముడిచే ఒక మొక్కని తీసుకెళ్ళి చీకట్లో పెట్టాడు. ఎండ తగలకపోయినా అది పొద్దున్న ఆకులు విప్పి రాత్రికి ముడుచుకుంది. అంటే మొక్క లోపల గడియారం ఉంది. అలాంటి గడియారం మన కణాల్లోనూ ఉంది, అది ఎలా నడుస్తుందో ఈగల్లో విప్పి చూపినవాళ్ళకి 2017లో నోబెల్ ఇచ్చారు. ఇది తెలియకముందు నాకు అది ఆకులు ముడిచే చెట్టు మాత్రమే. తెలిశాక, సాయంత్రం దాని కింద నిలబడితే నా ఆవలింత కూడా దాని చుట్టమే అనిపిస్తుంది. తెలియడం వల్ల వింత తరిగిపోయిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తులేదు.

ఇంకోటి, ఇది కూడా తెలిశాకే కనపడేది: నీలాకాశం వైపు, సూర్యుడికి బాగా దూరంగా, చూపు తేలికగా వదిలి చూడండి. సన్నటి మెరిసే చుక్కలు మెలికలు తిరుగుతూ పరిగెత్తి మాయమవుతుంటాయి. అవి ఇందాక చెప్పిన మీ కంటి రక్తనాళాల్లో పోతున్న తెల్ల రక్తకణాల జాడలు. ఎర్రకణాలు నీలి వెలుగుని పీల్చుకుంటాయి, తెల్లకణం వచ్చినచోట ఆ వెలుగు లోపలికి వస్తుంది. మెదడు తీసేసిన వలని అలా చూడొచ్చు.

దీనివల్ల మనసుకి ఏమైనా ఒరుగుతుందా అంటే, 2020లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. 52 మంది పెద్ద వయసువాళ్ళు ఎనిమిది వారాలు వారానికొకసారి పావుగంట నడిచారు. సగం మందికి కొత్త కళ్ళతో, వింతని వెతుకుతూ నడవమని చెప్పారు, మిగతావాళ్ళకి నడవమని మాత్రమే చెప్పారు. నడకల్లో తీసుకున్న సెల్ఫీల్లో మొదటి జట్టువాళ్ళ ముఖాలు వారం వారం చిన్నవవుతూ, వెనక దృశ్యం పెద్దదవుతూ వచ్చింది, నవ్వులు కూడా విప్పారాయి. నాకు ఆ సెల్ఫీల సంగతి చాలా ఇష్టం. కానీ ఒక మాట, ఏదీ బాగోలేదు, దేని మీదా ఆసక్తి లేదు అన్న స్థితి రెండు వారాలకి మించి ఉండి, నిద్ర, ఆకలి కూడా దెబ్బతింటే దయచేసి డాక్టర్ని కలవండి. డిప్రెషన్‌కి చూడటం నేర్చుకోవడం మందు కాదు.

ఇక మీ పాప ప్రశ్న. వెంటనే జవాబు చెప్పకండి. చందమామ రాత్రి వస్తువని మనకి ఎవరో చెప్పారు, నిజానికి అది ఆకాశంలో ఉండే వేళల్లో దాదాపు సగం పగలే. అమావాస్య వెళ్ళిన వారానికి మధ్యాహ్నం దాటాక తూర్పు వైపు సగం చందమామ ఉంటుంది, పౌర్ణమి వెళ్ళిన వారానికి పొద్దున్న పడమర వైపు ఉంటుంది. అలాంటి రోజు ఎండలోకి వెళ్ళి పాప చేతికి ఒక బంతి ఇవ్వండి. చేయి చాపి, బంతిని సరిగ్గా చందమామ పక్కన ఉండేలా పట్టుకోమనండి. ఎండ బంతి మీద ఎంత మేర పడిందో, ఎటువైపు పడిందో చూడమనండి, తర్వాత పక్కనున్న చందమామని చూడమనండి. రెండూ ఒకేలా ఉంటాయి, అదే సగం, అదే వంపు. ఆ తర్వాత పాప ఏం అడిగిందో నాకు తప్పకుండా రాయండి.